పొయ్యిల లెక్క

విమానం ఎక్కడానికి ఇంకా నలభై నిమిషాలుందనగా కొండ పేలింది.

నూకరాజు అప్పటికే పెట్టె అప్పగించేసి, బోర్డింగ్ పాసు చొక్కా జేబులో పెట్టుకుని, కూతురి కోసం కొన్న గవ్వల దండ చేతిసంచిలో ఉందో లేదో మూడోసారి తడిమి చూసుకుంటున్నాడు. ముందు అద్దాలు గడగడలాడాయి. చప్పుడు ఆ తరువాత వచ్చింది. జనమంతా కిటికీల దగ్గరికి పరిగెత్తారు. సముద్రానికి అవతల, సెంబారి కొండ నెత్తిన నల్లటి పొగ లేచి, పైకి పోయి పోయి, పక్కలకి విచ్చుకుంది. అరగంట తిరక్కుండా రన్‌వే మీద బూడిద రాలడం మొదలైంది. బోర్డు మీదున్న విమానాలు నాలుగూ ఒకదాని వెనక ఒకటి రద్దయిపోయాయి.

ఇండోనేషియాకి తూర్పు కొసనున్న చిన్న రేవు పట్నం అది. పేరు వైలోమ. విశాఖపట్నంలోని ఒక పరిశోధన సంస్థ తరఫున నూకరాజు అక్కడికి వచ్చి తొమ్మిది రోజులైంది. వచ్చిన పనేమిటో చెబితే ఆ పూట ఎవరైనా నవ్వుతారు. అగ్నిపర్వతాలు కక్కే బూడిదని విమానాలకి అడ్డం లేకుండా దింపేసే యంత్రాన్ని పరీక్షించడానికి వచ్చాడు. బూడిద దింపడానికి వచ్చినవాళ్ళే బూడిదలో ఇరుక్కున్నారని విమానాశ్రయం వాళ్ళు నవ్వనే నవ్వారు. నూకరాజు మాత్రం ఫోను తీసి తేదీ చూసుకున్నాడు. అతని కూతురు విశాఖపట్నంలో ఆసుపత్రిలో ఉంది. శనివారానికి అతను ఆమె పక్క మంచం మీద పడుకుని తీరాలి.

యంత్రం పేరు జల్లెడ. పేరు పెట్టిందీ, పదిహేనేళ్ళు దాని వెంట పడిందీ డాక్టర్ వసుంధర. రాజమండ్రి మనిషి, నూకరాజుకి పై అధికారి, ఈ ప్రయాణానికి పెద్ద. జల్లెడ చేసే పని చిన్నదే. మనిషి లేని నాలుగు చిన్న విమానాలు బూడిద మేఘంలోకి వెళ్ళి, కరెంటు పట్టించిన ఉప్పునీటి తుంపర చల్లుతాయి. గాలిలో వారాల తరబడి తేలే సన్నటి రేణువులు ఆ తుంపర తగలగానే ఒకదానికొకటి అతుక్కుని, ఉండకట్టి, బరువెక్కి, గంటలో కింద పడతాయి. మేఘంలో ఒక దారి పడుతుంది. ఆరేడు గంటలు ఆ దారిలో విమానాలు తిరగొచ్చు.

కాకపోతే పైనుంచి తీసేసిన బూడిద మాయమైపోదుగా. నెల రోజుల్లో వందల మైళ్ళ మేర పల్చగా రాలాల్సినదంతా ఒక్క గంటలో, ఒక్కచోట, తడిగా, మోకాలెత్తున పడుతుంది. అందుకే జల్లెడ వదిలే ముందు కింద మనుషులెవరూ లేరని ఒకరు సంతకం చెయ్యాలి. ఆ ఒకరు నూకరాజు.

మనుషుల్ని లెక్కపెట్టే పద్ధతి అతనిదే. ఈ దీవుల్లో సెల్ టవర్లు తక్కువ. ఉన్నా కొండ పేలితే ముందు పోయేవి అవే. రేకు కప్పు కింద మనిషి ఒంటి వేడి పైనుంచి కనిపించదు. పొయ్యి వేడి కనిపిస్తుంది. కొబ్బరి చిప్పలతోనో కట్టెలతోనో తెల్లవారుజామున పొయ్యి ముట్టించని ఇల్లు అక్కడ లేదు. వేడిని పసిగట్టే కెమెరా కట్టి ఒక విమానాన్ని తెల్లారేవేళకి దీవి మీద తిప్పితే పొయ్యిలన్నీ చుక్కలు చుక్కలుగా తేలతాయి. ఈ ఆలోచన అతనికి ఏ పుస్తకంలోనూ దొరకలేదు. చిన్నప్పుడు తండ్రితో వేటకెళ్ళి తెప్ప మీద తిరిగొస్తుంటే తెల్లారకట్ల జాలరిపేట పొయ్యిలు కనిపించేవి. "అదిగో, మీయమ్మ లెగిసింది. మీ అత్త ఇంకా లెగనేదు సూడు," అని తండ్రి పొయ్యిల్ని బట్టి పేటంతటినీ చదివి చెప్పేవాడు. వసుంధర ఆ కథ ప్రతి సభలోనూ చెప్పేది. వినేవాళ్ళు చప్పట్లు కొట్టేవారు.

విమానాశ్రయంలో చిక్కుకున్న నూట ముప్ఫై మందినీ ఊళ్ళోని స్కూలు హాల్లో దింపారు. చాపలు, దుప్పట్లు, అట్టగ్లాసుల్లో నూడుల్స్. కిటికీలకి తడిగుడ్డలు కట్టినా పళ్ళ మధ్య బూడిద కరకరలాడుతూనే ఉంది. బుధవారం పొద్దున్న ఫోను కలిసింది.

"ఎప్పుడొస్తావు మావా?" అంది గౌరీశ్వరి. అతని భార్య. మేనత్త కూతురు కాబట్టి పెళ్ళికి ముందు నుంచీ అదే పిలుపు.

"దారి తెరుచుకోగానే వచ్చేత్తాను."

"దారేటి, తెరుసుకోడవేటి? డాక్టరుగోరు పొద్దున్న మళ్ళా అడిగినారు. హైదరాబాదెల్లినారు, ఈ రోజొచ్చీత్తారు అనీసినాను. ఇంక నా వల్ల కాదు. నిజం సెప్పీనా?"

"చెప్పీ," అన్నాడు నూకరాజు.

తొమ్మిదేళ్ళ కూతురు నీలు ఎముకల్లోని మూలుగ రక్తం తయారుచెయ్యడం మానేసి ఆరునెలలైంది. తల్లిది పడలేదు. తండ్రి మూలుగ పడుతుందన్నారు. మందులతో పాత మూలుగని పూర్తిగా చంపేసి, తండ్రిది తీసి వెంటనే ఎక్కించాలి. డాక్టర్ ఇందుశేఖర్ పదిహేను రోజుల ముందే నూకరాజుకి ఒకటికి రెండుసార్లు చెప్పాడు, ఊరు దాటొద్దని. నూకరాజు అలాగేనని తల ఊపాడు. ఊపి, దేశమే దాటాడు. పరీక్షకి కావలసిన గాలి ఏడాదికి మూడు వారాలే వీస్తుంది, పొయ్యిల చుక్కలు చదవడం తనకి తప్ప ఇంకొకరికి రాదు, బుధవారానికల్లా వచ్చేస్తే ఎవరికీ తెలియదు. అన్నీ సరిపోయాయి. ఆదివారం అక్కడ మందులు మొదలుపెట్టారు. మంగళవారం ఇక్కడ కొండ పేలింది.

సాయంత్రం డాక్టరే ఫోను చేశాడు. కేకలేస్తాడనుకున్నాడు నూకరాజు. కేకలేసినా బాగుండేది.

"సగం మందులు వెళ్ళిపోయాయి, నూకరాజు గారూ. ఇప్పుడు ఆపినా ఆ మూలుగ తిరిగి లేవదు. శనివారం ఎక్కించాలి. లాగి లాగి మంగళవారం దాకా ఉంచగలనేమో. ఆ తరువాత పిల్లకి జలుబు చేసినా నా చేతిలో లేదు. ఇంక మీరు ఎలా వస్తారో మీరు చూసుకోండి."

ఎలా వస్తాడు? రేవులో నీటి మీద కొండ కక్కిన నురగరాయి తేలి తెట్టు కట్టి, పెద్ద పడవల ఇంజన్లు బిగుసుకుపోతున్నాయి. చిన్న పడవలు మాత్రం తెడ్లతో దగ్గరి దీవులకి తిరుగుతున్నాయి. ఓడేదో వచ్చి ఎక్కించుకున్నా, బూడిద లేని విమానాశ్రయం చేరడానికి ఐదు రోజులు. గురువారమంతా నూకరాజు రేవుకీ స్కూలుకీ మధ్య తిరిగాడు. ఆ రాత్రి వసుంధర దగ్గరికి వెళ్ళి, దాచినదంతా చెప్పేశాడు.

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"నాకు ముందే చెబితే నిన్ను తీసుకొచ్చేదాన్నా?"

"అందుకే చెప్పలేదు మేడమ్."

"తెలివి తెల్లారినట్టే ఉంది," అంది. ఆ మాటలో కోపం కంటే భయం ఎక్కువ వినిపించింది. "ఒక్కసారికి సరిపడా తుంపర మిగిలింది. విమానాశ్రయం అధికారితో నిన్నటి నుంచీ మాట్లాడుతున్నాను. దారి తెరిస్తే హాల్లో ఉన్నవాళ్ళందర్నీ రెండు విమానాల్లో పంపేస్తానంటున్నాడు. చిక్కల్లా ఒక్కటే. ఇటు చూడు."

మ్యాపు తీసి చూపించింది. గాలి కొండ మీంచి తిన్నగా పట్నం వైపు వీస్తోంది. మేఘం పట్నం మీదికి రాకముందే దింపాలి. అక్కడంతా సముద్రమే, మధ్యలో నుసారె అనే చిన్న దీవి తప్ప. మేఘం దీవికి నాలుగింతలు వెడల్పుంది కాబట్టి దాన్ని తప్పించి దింపడం కుదరదు.

"అరవై రెండు కొంపలు. రెండువందల నలభై మంది," అంది వసుంధర. "ఖాళీ చెయ్యమని బుధవారం నుంచీ మైకుల్లో చెబుతున్నారు. వాళ్ళు ఖాళీ చేసిన మరుక్షణం వదులుదాం. అంతకుముందు మాత్రం నీ కూతురి కోసమైనా సరే, నా కూతురి కోసమైనా సరే, వదలను."

నూకరాజు మర్నాటి నుంచీ రోజూ తెల్లారకట్ల స్కూలు మైదానం నుంచి కెమెరా విమానాన్ని ఎగరేశాడు. శుక్రవారం లెక్క: నుసారెలో అరవై పొయ్యిలు. శనివారం యాభై తొమ్మిది. ఆ యాభై తొమ్మిది చుక్కల్నీ చూస్తుంటే అతనికి ఒళ్ళు మండింది. ఇంత బూడిద మీద పడుతుంటే కూర్చుని వంటలు చేసుకుంటున్నారే, లేచి పోరేమని తిట్టుకున్నాడు. తిట్టుకున్నందుకు సిగ్గు కూడా పడ్డాడు. ఫోనులో గౌరీశ్వరి గొంతు మారిపోయింది. నీలుకి నోరంతా పూసిందట, మంచినీళ్ళు మింగలేకపోతోందట, జుట్టు దిండు మీద రాలిపోయిందట.

"గుంట నిన్నే అడుగుతంది. ఏటి సెప్పమంటావు?"

"వస్తన్నానని చెప్పు."

"అది ఆదోరం నుంచీ సెప్తన్నాను మావా," అంది గౌరీశ్వరి.

శనివారం సాయంత్రం యోహాన్ రేవు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మొదటి వారంలో పరికరాలని దీవులకి చేరవేసిన పడవ మనిషి అతను. అరవై ఏళ్ళుంటాయి, మాట తక్కువ. నూకరాజూ తానూ జాలరివాళ్ళమేనని తెలిసిన రోజు నుంచి అతనికి రోజూ ఒక కాల్చిన చేప పెట్టేవాడు. ఆ సాయంత్రం చేప లేదు.

"దిబ్బ మీద ఇవాళ పడవ పలక దొరికింది," అన్నాడు యోహాన్ వచ్చీరాని ఇంగ్లీషులో. "నుసారె వాళ్ళది. కొండ పేలిన పూట రెండు పడవలు వేటలో ఉన్నాయి. పదకొండు మంది. ఇన్నాళ్ళూ వస్తారనే చూశారు."

"దీవిలో తెలుసా?"

"ఆ పలక వాళ్ళకే ఇచ్చి వచ్చాను." అతను చేతులు చూసుకున్నాడు. "నా భార్య చెల్లెలు అక్కడే ఉంది. వాళ్ళని తీసుకురావడానికి మధ్యాహ్నం సర్కారు పడవలు రెండు వెళ్ళాయి. వస్తుందేమోనని కూర్చున్నాను."

నూకరాజు అతని పక్కన కాసేపు కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి లేచి వచ్చాడు.

ఆదివారం తెల్లారుతుండగా విమానం వెళ్ళి వచ్చింది. బొమ్మ తెర మీదికి వచ్చింది. నూకరాజు, వెనక వసుంధర, ఆమె వెనక విమానాశ్రయం అధికారి. దీవి ఆకారమంతా నల్లగా ఉంది. ఒక్క చుక్క కూడా లేదు.

"సున్నా," అంది వసుంధర. ఊపిరి వదిలింది. "పడవలు తీసుకొచ్చేశాయన్నమాట."

"పడవలు ఇంకా రేవుకి రాలేదు," అన్నాడు అధికారి. "పడమటి దీవికి తిన్నగా తీసుకెళ్ళి ఉండాలి. అక్కడ శిబిరం పెట్టాం. అడుగుదామంటే అటు ఫోన్లు లేవు."

"మనిషిని పంపితే?"

"వెళ్ళిరావడానికి ఆరుగంటలు. మధ్యాహ్నానికి గాలి జోరందుకుంటుందని చెబుతున్నారు. అందుకుంటే మేఘం జల్లెడకి చిక్కకుండా పట్నం మీదికే. మళ్ళీ వారం దాకా ఇంతే."

ఇద్దరూ నూకరాజు వైపు చూశారు.

ఇక్కడ ఆ అరనిమిషం సంగతి చెప్పాలి. నూకరాజుకి తొమ్మిదేళ్ళప్పుడు తుఫానులో తండ్రి తెప్ప తిరిగి రాలేదు. తండ్రితో పాటు ఇంకో నలుగురు. నాలుగో రోజున తెప్ప దుంగ ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఆ పూట నుంచి మూడు రోజులు జాలరిపేటలో ఒక్క ఇంట్లోనూ పొయ్యి ముట్టించలేదు. మామూలు చావైతే ఆ ఇంటివాళ్ళు ముట్టించరు, ఇరుగుపొరుగు వండి పెడతారు. సముద్రం తీసుకుంటే ఎవరూ ముట్టించరు. అందరూ రామకోవెల అరుగు మీద ఒక్కచోట కూర్చున్నారు. పిల్లలకి కొట్లోంచి బిస్కట్ పొట్లాలు తెచ్చి పంచారు. నానబెట్టిన అటుకులు తిన్నారు. ఆ మూడు రోజులూ తెల్లారకట్ల సముద్రం మీద నుంచి ఎవరైనా చూసి ఉంటే, పేటంతా ఖాళీ అయిపోయిందనుకునేవారు.

తెర మీద ఆ నల్లటి దీవిని చూడగానే అతనికి మొదట గుర్తొచ్చింది ఆ బిస్కట్ల రుచి. గుర్తు రావడమేమిటి, తెలిసింది. పడవల్లో జనం వెళ్ళిపోతే నాలుగు పొయ్యిలైనా మిగులుతాయి, మొండికేసిన ముసలివాళ్ళవి. యాభై తొమ్మిది ఒక్క రాత్రిలో సున్నా కావు. ఆర్పితే తప్ప. రేవు మెట్ల దగ్గర యోహాన్ ఉన్నాడు, రెండువందల అడుగుల దూరంలో. వెళ్ళి ఒక్క మాట అడిగితే చాలు: మీ దీవుల్లో సముద్రం మనిషిని తీసుకుంటే పొయ్యి ముట్టిస్తారా? ఒక్క మాట.

వీళ్ళు వేరు, వీళ్ళ ఆచారాలు వేరు అనుకున్నాడు నూకరాజు. గట్టిగా అనుకున్నాడు. నీలు నోట్లో పుళ్ళు గుర్తు తెచ్చుకున్నాడు.

"పద్ధతి ప్రకారం సున్నా అంటే ఖాళీయే," అన్నాడు. సంతకం చేశాడు.

తొమ్మిదింటికి నాలుగు విమానాలూ మేఘంలోకి వెళ్ళాయి. పదింటికి మొదలైంది. జల్లెడ అంత చక్కగా పనిచేస్తుందని పదిహేనేళ్ళు కలగన్న వసుంధర కూడా అనుకోలేదు. తెరలాంటి బూడిద దూరాన నిలువునా కిందికి జారి, దాని వెనక నీలం బయటపడింది. ఐదు రోజుల తరువాత ఆకాశం. స్కూలు హాల్లోంచి జనం బయటికొచ్చి అరిచారు, ఏడ్చారు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కావలించుకున్నారు. నెలలు నిండిన ఒకామె నూకరాజు రెండు చేతులూ పట్టుకుని తన భాషలో ఏదో అంది. అతను చేతులు వదిలించుకుని బస్సెక్కాడు.

అతనికి కిటికీ పక్క సీటు వచ్చింది. విమానం లేచి సముద్రం మీద ఒక చుట్టు తిరిగింది. కింద నుసారె కనిపించింది. చెట్లు లేవు, దారుల్లేవు, అంతా ఒకటే బూడిదరంగు. నడుమ ఒక పెద్ద కప్పు ఉండాల్సిన చోట గుంటలా ఉంది. దాని చుట్టూ ఏవో కదులుతున్నట్టు అనిపించింది. నూకరాజు కిటికీ మూత కిందికి లాగేశాడు. విమానం దిగేదాకా తియ్యలేదు.

మంగళవారం పొద్దున్న అతన్ని బోర్లా పడుకోబెట్టి నడుం ఎముకలోంచి మూలుగ తీశారు. మధ్యాహ్నానికి ఎర్రటి సంచీలో అది నీలు మంచం పైన వేలాడింది. అద్దం అవతల నుంచి గౌరీశ్వరి రెండు చేతులూ ఎత్తి సంచీకి దణ్ణం పెట్టింది. నీలు కళ్ళు తెరిచి తండ్రిని చూసి, పుళ్ళ నోటితోనే నవ్వింది. గవ్వల దండ లోపలికి తీసుకెళ్ళనివ్వలేదు. తలుపు చిలక్కి తగిలించి పెట్టాడు.

యోహాన్ మెసేజి గురువారం వచ్చింది. అతని భాషలో రాసినదాన్ని ఫోను తెలుగులోకి మార్చి చూపింది. పలక చేరగానే దీవిలో పొయ్యిలన్నీ ఆర్పి, అందరూ ప్రార్థన మందిరంలో చేరారు. మూడు రోజులు కూర్చోవాలి, అది వాళ్ళ మర్యాద. సర్కారు పడవలు వస్తే, మావాళ్ళని సాగనంపకుండా కదలమని తిప్పి పంపేశారు. పడవలవాళ్ళు నురగరాయిలో రాత్రంతా చిక్కుకుని ఆదివారం మధ్యాహ్నానికి రేవు చేరారు. అప్పటికే తడి బూడిద బరువుకి మందిరం కప్పు కూలిపోయింది. నలభై మూడు మంది. నా భార్య చెల్లెలు వాళ్ళలో ఉంది. మీ పాప ఎలా ఉంది?

చివరి ప్రశ్న చదివి నూకరాజు ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాడు. పాప సంగతి అతనికి ఎప్పుడు చెప్పాడో కూడా గుర్తు రాలేదు. జవాబు రాయడానికి చాలాసార్లు ఫోను తీశాడు. రాయలేకపోయాడు.

నీలు ఒంట్లో కొత్త రక్తం మొదలైంది. మూడో వారానికి రక్తకణాల లెక్కలు పెరిగాయి. డాక్టర్ ఇందుశేఖర్ కూడా నవ్వాడు. యాభై రెండో రోజున ఇంటికి పంపారు: వేడివేడిగా అప్పుడే వండినదే పెట్టాలి, చల్లారినది పెట్టకూడదు, నీళ్ళు మరిగించాలి, చుట్టాలెవరినీ దగ్గరికి రానివ్వకూడదు.

అదే వారం నుసారె మీద వేసిన విచారణ సంఘం నివేదిక వచ్చింది. ఫోను చేసింది వసుంధర. ఆమె గొంతు ముసలిదైపోయింది.

"మన తప్పేమీ లేదన్నారు నూకరాజూ. లెక్క పద్ధతి ప్రకారమే జరిగింది, సున్నా వచ్చింది, అటువంటి ఆచారం ఉంటుందని ఊహించడం ఎవరికీ సాధ్యం కాదు అని రాశారు. జల్లెడ నియమాల పుస్తకంలో ఒక జాగ్రత్త మాత్రం చేర్చమన్నారు. ఇంకో మూడు దేశాలు జల్లెడని అడుగుతున్నాయి. కొత్త పుస్తకం మీద నీ సంతకం కావాలి."

"ఎవరికీ సాధ్యం కాదనా మేడమ్?"

"అలాగే రాశారు."

ఆమె పెట్టేశాక నూకరాజు గుమ్మంలో కూర్చుని ఒక మెసేజి రాశాడు. 'సున్నా చూసినప్పుడే నాకు తెలుసు. మా పేటలోనూ అంతే.' పంపించాడు. ఆమె చదివినట్టు నీలి టిక్కులు పడ్డాయి. పావుగంట తరువాత జవాబు వచ్చింది. 'ఇది నేను చూడలేదు. తీసెయ్. నీకు పిల్ల ఉంది.' మరుక్షణం ఆ జవాబు కూడా మాయమైంది, ఆమె తీసేసింది.

మర్నాడు పొద్దున్న గౌరీశ్వరి జావ కాయడానికి వంటింట్లోకి వెళితే, గ్యాసు బండ కట్టేసి ఉంది. పొయ్యి కడిగి బోర్లా పెట్టి ఉంది. పక్కన నూకరాజు నేల మీద కూర్చున్నాడు.

"ఇదేటి మావా? ఎవులు పోనారు?"

అతను చెప్పాడు. కొండ దగ్గర నుంచీ మొదలుపెట్టి బిస్కట్ల రుచి దాకా, ఏదీ దాచకుండా. గౌరీశ్వరి నిలబడే విన్నది. ఆమె పెద్దన్న కూడా సముద్రంలో పోయినవాడే. పొయ్యి ఆర్పిన ఇల్లంటే ఏమిటో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు.

"నువ్వు సంతకం ఎట్టకపోతే?" అంది చివరికి.

"నీలు ఉండేది కాదు."

ఆమె గది వైపు చూసింది. లోపల పిల్ల నిద్దర్లో దగ్గింది. గౌరీశ్వరి జావ పిండీ గిన్నే తీసుకుని, పక్కింటికి వెళ్ళింది. ఆ మూడు రోజులూ నీలుకి కావలసినదంతా పక్కింటి అప్పాయమ్మ పొయ్యి మీదే వండి, గిన్నె కొంగుతో కప్పి, వేడి చల్లారకుండా పరుగున తెచ్చి పెట్టింది. తాను మాత్రం నీళ్ళలో నానిన అటుకులు తిన్నది. మొగుడికీ అవే పెట్టింది.

"ఎవులు పోనారే?" అని అప్పాయమ్మ అడిగిందట. "ఆయన తాలూకోలు, పిన్నీ. శానామంది," అందట గౌరీశ్వరి. ఏ ఊరోళ్ళంటే, దూరపోళ్ళని చెప్పిందట. ఆ మాట అతనికి చెప్పేటప్పుడు మాత్రం ఆమె అతని మొహం వైపు చూడలేదు. అప్పటి నుంచీ చూడటం తగ్గించేసింది.

నాలుగో రోజు పొద్దున్న ఆమె పొయ్యి తిరగేసి, పసుపు రాసి, బండ తిప్పింది. లైటరు తీసి నూకరాజు చేతిలో పెట్టి, పక్కకి తప్పుకుంది. అతను నొక్కబోయి ఆగిపోయాడు.

"నాను ఎలిగిత్తాను నానా," అంది నీలు వెనక నుంచి. గుండు మీద నూగు జుట్టు, మూతికి గుడ్డ, మెడలో గవ్వల దండ. మంచం దిగి గోడ పట్టుకుని నడిచి వచ్చింది. "పోనోలు నీకేటవుతారు?"

నూకరాజు ఆమె మెడలోని గవ్వల దండ సరిచేశాడు.

నీలు జవాబు కోసం కాసేపు చూసి, అతని చేతిలోంచి లైటరు తీసుకుంది. మొదటిసారి అంటుకోలేదు. రెండోసారీ అంటుకోలేదు. మూడోసారి నీలిమంట గుండ్రంగా లేచింది. పిల్ల ముచ్చటపడి వెనక్కి తిరిగి చూసి నవ్వింది. నూకరాజు ఆ మంట వైపే చూస్తూ నిలబడి, అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు.

ఒకటి.